పాత ఆయిల్ ఇంజను: హ్యాండిల్ ఎదురు కొడుతోంది, లోడు మీద నల్ల పొగ. డీజిల్ పంపు ప్రెషర్ ఎట్లా తగ్గించాలి?

పెన్నాగట్టు (తాడిపత్రి దగ్గర) · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా నాయన 1991లో కొన్న ఆయిల్ ఇంజను ఒకటుంది. కిర్లోస్కర్ ఏవీ1 మోడలు, 5 హెచ్‌పీ, వాటర్ కూలింగు, ప్లేటు మీద 1500 ఆర్‌పీఎం అని ఉంది. కరెంటు మోటర్లు వచ్చినాక చాలా ఏండ్లు షెడ్డులో గోనెపట్టల కింద పడుండె. చీనీ (బత్తాయి) చెట్లు ఎండిపోతాంటే చూడలేక, పెన్న ఇసుకలో గుంత తీసి నీళ్లెత్తుకుందామని పోయిన ఎండాకాలం మళ్లీ బయటికి లాగినాం.

మొదట్లో స్టార్టు కావడానికి ఏడిపించేది, లోడు మీద ఈడ్చేది. ఊరికి వచ్చే మెకానిక్కును పిలిస్తే "పంపు ప్రెషర్ చాల్లేదు, పెంచుతా" అని పంపు విప్పి, ఏదో తీసి, మళ్లీ బిగించి 1,800 తీసుకుని పోయినాడు. ఆ రోజు నుంచి ఇంజను టక్కున అందుకుంటాది, అది నిజం. కానీ కమ్మరి కొలిమి దగ్గర సమ్మెట దెబ్బల మాదిరి ఒకటే మోత. లోడు పడితే నల్లపొగ. ఇంతకుముందు 5 లీటర్లు పోస్తే నాలుగున్నర గంటలు వచ్చేది, ఇప్పుడు మూడున్నరకే ట్యాంకు అడుగు కనపడతాంది. అన్నిటికంటే పెద్దది, హ్యాండిల్ తిప్పేటప్పుడు రెండుసార్లు ఎదురు కొట్టింది. మా తమ్మునికి మణికట్టు వాచి అన్నం కలుపుకోలేకపోతన్నాడు.

పంపు ప్రెషర్ తగ్గించే స్క్రూ యాడుంటాదో చెప్తే నేనే తిప్పుకుంటా.

చక్రం_ఆదోని · శనివారం రాత్రి 10:05

సింపుల్ అన్నా. సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ ఉంటాదే, దాని హోల్డర్ పైన క్యాపు విప్పు, లోపల స్క్రూ ఉంటాది, అర చుట్టు వదులు చెయ్. మోత తగ్గుతాది.

నాజిల్‌మామ (ప్రొద్దుటూరు) · శనివారం రాత్రి 10:48

ఆదోని అబ్బీ, ఆగు. పెన్నాగట్టు తమ్ముడూ, ముందు ఆ హ్యాండిల్ జోలికి పోవద్దు. ఎదురు కొట్టే ఇంజనును రేపు పొద్దున ఇంకొక్కసారి చూద్దాంలే అనుకోవద్దు. ఈసారి వాపుతో పోదు, ఎముక విరుగుతాది.

నేను డీజిల్ పంపులు సరిచేసే పంపు రూములో 31 ఏండ్లు చేసినా. వచ్చిన రైతుల్లో పదిమందిలో తొమ్మిదిమంది నువ్వు అడిగిన మాటే అడుగుతారు, పంపు ప్రెషర్ పెంచు, పంపు ప్రెషర్ తగ్గించు అని. నీ ఇంజనుకుండే పంపులో ప్రెషర్ స్క్రూ అనేదే లేదు నాయనా. పంపు పని డీజిలును ముందుకు తోయడం వరకే. అవతల నాజిల్ సూది ఎంత గట్టిగా మూసుకుని కూర్చుంటే అంత ప్రెషర్ లేస్తాది. 200 కేజీల ప్రెషర్ దగ్గర సూది లేచేట్టు స్ప్రింగు బిగిస్తే 200, 140కి బిగిస్తే 140. ప్రెషర్ ఎంతన్నది నాజిల్ స్ప్రింగు చెప్తాది. ఎప్పుడు తోయాలన్నది పంపు ఎత్తు చెప్తాది.

మీ మెకానిక్కు ఏం చేసినాడో ఇక్కడ కూర్చుని చెప్తా. పంపు ఫ్లాంజి కింద సన్న రేకులుంటాయి, షిమ్ములంటారు. అవి తీసేసినాడు. పంపు కిందికి దిగింది, కింద తిరిగే క్యామ్ (ఉబ్బు) తొందరగా ప్లంజరును (డీజిలును తోసే కడ్డీని) అందుకుంటాంది, డీజిల్ ముందుగానే పడతాంది. పిస్టన్ ఇంకా పైకి వస్తాండగానే మంట లేచి దాన్ని వెనక్కి తన్నుతాది. అదే నీ హ్యాండిల్ ఎదురు కొట్టడం. ఆ మోతా అదే.

ఆ షిమ్ములు ఏమైనాయో కనుక్కో.

పెన్నాగట్టు · ఆదివారం ఉదయం 7:15

మామా, ఫోన్ చేసి అడిగినా. "అవి ఎందుకూ పనికిరాని రేకులు, పారేసినా" అన్నాడు. ఎన్ని అంటే రెండో మూడో అంట.

శనక్కాయ2511 (కళ్యాణదుర్గం) · ఆదివారం ఉదయం 7:31

ఎందుకూ పనికిరానివైతే కంపెనీవాళ్లు ఎందుకు పెట్టినారో అడగాల్సింది.

ల్యాబు_సారు (అనంతపురం) · ఆదివారం ఉదయం 9:20

నాజిల్‌మామ గారు చెప్పినదానికి కొన్ని అంకెలు జోడిస్తాను. మన రాష్ట్రంలో మెకానికల్ బ్రాంచి ఉన్న కాలేజీల ల్యాబుల్లో కిర్లోస్కర్ టీవీ1 ఇంజను బాగా వాడుకలో ఉంది. మీ ఏవీ1కి అన్న లాంటిది. బోరు 87.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110, 1500 ఆర్‌పీఎం దగ్గర 5.2 కిలోవాట్లు. దాని ఇంజెక్షన్ టైమింగు, అంటే డీజిల్ పడే వేళ, పిస్టన్ పై చివరకు చేరడానికి 23 డిగ్రీల ముందు, నాజిల్ తెరుచుకునే ప్రెషర్ 200 బార్ ప్రాంతం (మామ చెప్పిన కేజీల లెక్కకు ఇంచుమించు అంతే).

1500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 25 చుట్లు. ఒక డిగ్రీ తిరగడానికి సెకనులో తొమ్మిదివేలవ వంతు. డీజిల్ సిలిండరులో పడగానే మండదు, చిన్న ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యాన్ని లెక్కేసే 23 అని పెట్టారు. దాన్ని 30 దాటిస్తే ఏమవుతుంది? డీజిల్ పడేటప్పటికి లోపలి గాలి ఇంకా అంత వేడెక్కి ఉండదు, ఆలస్యం పెరుగుతుంది, ఆలోపు పోగుపడిన డీజిలంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. మీకు వినపడే సమ్మెట దెబ్బ అదే. హ్యాండిల్‌తో తిప్పేటప్పుడైతే వేగం చాలా తక్కువ కాబట్టి మంటకు బోలెడంత సమయం దొరుకుతుంది, అందుకే వెనక్కి తంతుంది.

ఇంకొక్క లెక్క, సరదాకు. గంటకు 1.1 లీటరు తాగుతుందనుకుంటే, నాలుగు స్ట్రోకుల ఇంజను గంటకు 45,000 సార్లు డీజిల్ చిమ్ముతుంది. ఒక్కోసారికి పడేది 24 ఘన మిల్లీమీటర్లు. చుక్కలో సగం. ఆ సగం చుక్కను పొగమంచులా చేసి, సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ కాకుండా లోపలికి పంపే పరికరాన్ని సుత్తీ పట్టకారుతో సరిచేస్తున్నాం మనం.

చక్రం_ఆదోని · ఆదివారం ఉదయం 9:44

సారూ, మరి నేను చెప్పినట్టు నాజిల్ స్క్రూ వదులు చేస్తే మోత తగ్గదా? మా ఊర్లో అందరూ అదే చేస్తారు.

నాజిల్‌మామ · ఆదివారం ఉదయం 10:30

పెరుగుతాది గానీ తగ్గదబ్బీ. స్ప్రింగు వదులైతే సూది ఇంకాస్త ముందే లేస్తాది. పైగా డీజిల్ పొగమంచు మాదిరి కాకుండా ముక్కు కారినట్టు కారుతాది. పిస్టన్ మీద మసి, నాజిల్ కొనన బొగ్గు. పొగగొట్టంలోంచేమో ఇంకా నల్లపొగ.

స్క్రూ బిగిస్తే మేలా అంటే అదీ కాదు. మరీ బిగిస్తే సూది ఆలస్యంగా లేస్తాది, పంపు ఎలిమెంటు (అంటే ఆ ప్లంజరే) మీద భారం, పైపు నట్ల దగ్గర చెమ్మ. నాజిల్ ప్రెషర్ చూపే టెస్టరు మీద ముల్లు చూడకుండా స్క్రూ తిప్పడమంటే కండ్లు మూసుకుని ఉప్పేసినట్టే.

ఇంకోమాట. నాజిలును బయటికి తీసి, పైపుకే తగిలించి, హ్యాండిల్ తిప్పి చిమ్ముతాందా లేదా అని చెయ్యి అడ్డం పెట్టి చూస్తారు కొందరు. నేను పనిలో చేరిన కొత్తల్లో మా షాపులో ఒక పిల్లోడు అట్లే చూపుడువేలు పెట్టినాడు. సూది గుచ్చినంత చుక్క, రక్తం కూడా రాలేదు. నవ్వినాడు. రాత్రికి వేలు వంకాయంత అయింది. చర్మం కిందికి డీజిల్ దూరితే అది లోపల కండను తినేస్తాది. మర్నాడు మధ్యాహ్నం తీసుకుపోయినారు ఆస్పత్రికి, అప్పటికే పై కణుపు పోయింది. చిన్న చుక్కే కదా అనుకోకుండా ఆ గంటలోనే పోవాల, డాక్టరుకు డీజిల్ ప్రెషరుతో దూరిందని నోరు తెరిచి చెప్పాల.

శనక్కాయ2511 · ఆదివారం మధ్యాహ్నం 12:10

పనిలో పనిగా నాదొకటి. మా అన్నోళ్ల మాసీ 1035 ట్రాక్టరుకు రోటరీ పంపు. టైమింగు ఎట్లా సరిచేసుకోవాల? మా 2511 ట్రాక్టరుకు కూడా పొగ వస్తాంది.

నిర్వాహకుడు · ఆదివారం మధ్యాహ్నం 12:25

2511 గారూ, ట్రాక్టరుకు వేరే చర్చ పెట్టండి. రెండూ కలిస్తే పాపం చీనీ చెట్లాయన అయోమయంలో పడతారు.

చిత్రావతి (పులివెందుల) · ఆదివారం మధ్యాహ్నం 1:02

ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. మా నాన్న షాపులో డీజిల్ పంపులు పరీక్షించే టెస్ట్ బెంచి నేనే చూస్తా. రోటరీ పంపుకు ఫ్లాంజి మీదా, ఇంజను మీదా గీతలుంటాయి, అవి ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూసుకోవడం వరకే మీ పని. లోపల ట్రాన్స్‌ఫర్ ప్రెషరు, వేగంతో పాటు తనంతట తనే మారే అడ్వాన్సు (డీజిల్ ముందుగా పడటం), ఇవన్నీ బెంచి మీద తప్ప తెలియవు. చెట్టుకింద విప్పొద్దు అన్నా. వరస పంపుదైతే ప్రతి సిలిండరుకూ సమానంగా పోతోందా, మూడు సిలిండర్లయితే సరిగ్గా 120 డిగ్రీల ఎడం ఉందా, అదీ బెంచి పనే.

పెన్నాగట్టు అన్నా, మీదానికి బెంచి అక్కర్లేదు. డీజిల్ ధార ఎక్కడ ఆగుతుందో చూసే స్పిల్ పద్ధతిలో ఇంట్లోనే చూసుకోవచ్చు. చెప్తా రాసుకోండి.

ముందు పిస్టన్ ఎక్కడ పైకి వస్తుందో ఖాయం చేసుకోవాలి. ఫ్లైవీల్ మీద గీత ఉంటుంది గానీ, పాత ఇంజన్లకు ఎవరెవరు ఫ్లైవీల్ మార్చారో తెలీదు, గీతను గుడ్డిగా నమ్మొద్దు. నాజిల్ తీసేయండి. ఆ రంధ్రంలోంచి సైకిల్ చక్రం ఊస పంపండి, పైకొన కొక్కెంలా వంచండి, లేకపోతే లోపల పడిపోతుంది. ఫ్లైవీల్ మెల్లగా తిప్పుతుంటే ఊస పైకి లేస్తుంది. చివరికి వచ్చే చోట కాసేపు కదలదు, అందుకే అక్కడ కంటికి దొరకదు. దానికో ఉపాయముంది. చివరికి ఒక సెంటీమీటరు ముందు ఊస మీద మచ్చ పెట్టి, అప్పుడు ఫ్లైవీల్ మీద చాక్‌పీసుతో గీత కొట్టండి. తిప్పుతూ పోయి, పిస్టన్ దిగేటప్పుడు ఊస మీది మచ్చ మళ్లీ అదే చోటికి వచ్చినప్పుడు ఇంకో గీత. ఆ రెండు గీతలకూ సరిగ్గా మధ్యన ఉండేదే పై చివర.

తర్వాత పంపు మీద హైప్రెషర్ పైపు విప్పండి. ఆ పైపు బిగించిన డెలివరీ వాల్వు హోల్డరు ఊడదీసి లోపలి స్ప్రింగూ వాల్వూ తీసి శుభ్రమైన డీజిల్ గిన్నెలో వేయండి, కాటన్ వేస్టుతో తుడవొద్దు, ఒక్క దారప్పోగు చాలు. హోల్డరు మళ్లీ బిగించండి. ట్యాంకు కాక్ తిప్పండి, ర్యాకు (డీజిల్ ఎక్కువ తక్కువ చేసే కడ్డీ) ఆపే వైపు కాకుండా నడిచే వైపు ఉండాలి. హోల్డరు నోట్లోంచి డీజిల్ ధారగా వస్తుంది. ఇంజను తిరిగే వైపే ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పండి, రెండు వాల్వులూ మూసుకున్న కంప్రెషన్ స్ట్రోకు మీద. ధార సన్నబడి, చుక్కలై, ఠక్కున ఆగుతుంది. ఆగిన చోటే డీజిల్ తోయడం మొదలయ్యేది. అక్కడ గీత. దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయొద్దు, బాగా వెనక్కి పోయి మళ్లీ మొదలు నుంచి రండి.

చివరగా ఫ్లైవీల్ చుట్టుకొలత దారంతో తీసి 360తో భాగించండి, డిగ్రీకి ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది.

చక్రం_ఆదోని · ఆదివారం మధ్యాహ్నం 1:40

ర్యాకు యాడున్నా ఒకటే కదక్కా?

చిత్రావతి · ఆదివారం మధ్యాహ్నం 1:52

ఆపే వైపు ఉంటే ప్లంజరు గాడి బైపాసులోనే ఉంటుంది, ధార ఆగదు, పొద్దుగూకేదాకా తిప్పుతారు. నడిచే వైపు ఎక్కడున్నా మామూలుగా మొదలయ్యే చోటు మారదు, ఆగే చోటు మారుతుంది. ఎక్కువ తక్కువ డీజిల్ అట్లా కొలుస్తుంది ఆ పంపు.

పెన్నాగట్టు · మంగళవారం రాత్రి 8:30

నిన్న సాయంత్రమంతా దానికే సరిపోయింది. అక్కా, మీ ఊస ఉపాయం బంగారం.

ఫ్లైవీల్ మీద మా నాయన కొట్టిన పచ్చ పెయింటు గీకితే కింద రెండు పాత గీతలు బయటపడినాయి. ఒకటి ఊసతో కనుక్కున్న పై చివరతో వెంట్రుకంత తేడా లేకుండా కలిసింది. రెండోది దానికి 8 సెంటీమీటర్లు ముందుంది. చుట్టుకొలత 126 సెంటీమీటర్లు, అంటే డిగ్రీకి మూడున్నర మిల్లీమీటర్లు. 8 సెంటీమీటర్లంటే 23 డిగ్రీలు. ఇంజను తన లెక్క తన ఒంటి మీదనే రాసుకుని ఉండాది, మనమే పెయింటు కొట్టి మూసినాం.

ఇప్పుడు అసలు సంగతి. ధార ఆగింది పై చివరకు 115 మిల్లీమీటర్ల ముందు.

ల్యాబు_సారు · మంగళవారం రాత్రి 8:41

33 డిగ్రీలు! మీ తమ్ముడి చెయ్యి విరగకపోవడం అదృష్టం. మా ల్యాబులో పిల్లలకు 20, 23, 26 అని మూడు చోట్ల పెట్టి చూపిస్తాం. 26కే కంప్యూటరు తెరమీద సిలిండరు ప్రెషర్ గీత నిటారుగా లేస్తుంది.

శనక్కాయ2511 · మంగళవారం రాత్రి 8:55

షిమ్ములు పోతేనేం, కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి పెట్టుకోరాదూ.

నాజిల్‌మామ · మంగళవారం రాత్రి 9:30

పెట్టినోళ్లను చూసినా. అల్యూమినియం నలుగుతాది, నాలుగు రోజులకు పంపు వదులై, మళ్లీ బిగించి, టైమింగు మళ్లీ మారి. షాపులో ఉక్కు షిమ్ములు దొరుకుతాయి, మందం రాసుంటాది. ఒక్కొక్కటే వేసి ఒక్కోసారీ ధార చూడు. వేస్తే ఆలస్యమవుతాది, తీస్తే తొందరవుతాది, తారుమారు చేసుకోవద్దు.

పంపు విప్పుతావు కాబట్టి నాజిల్ హోల్డరు కూడా తీసుకుని టెస్టరు మీద పెట్టించు. మొదట్లో స్టార్టు కాకుండా ఏడిపించింది అన్నావే, ఆ రోగం టైమింగుది కాదని నా అనుమానం. అసలు రోగాన్ని అట్లే పెట్టి పైన అడ్వాన్సు పూసినాడు ఆయప్ప.

చక్రం_ఆదోని · మంగళవారం రాత్రి 9:50

ఇప్పటి డీజిలే అట్లాంటిది మామా. గంధకం తీసేసినారు, జిగట లేదు, పాత పంపులన్నీ అరిగిపోతాండాయి.

ల్యాబు_సారు · మంగళవారం రాత్రి 10:12

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు మించకూడదు, నిజమే. కానీ పంపు అరగకుండా జారుడు గుణానికి కూడా ప్రమాణం ఉంది, దానికోసం మందు కలుపుతారు. పాత పంపులను నిజంగా తిన్నది కిరోసిన్ కల్తీ. ఎలిమెంటుకూ, అది కదిలే గొట్టం బ్యారెలుకూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, దానికి డీజిలే నూనె. కిరోసిన్ పలుచన.

శనక్కాయ2511 · మంగళవారం రాత్రి 10:20

మా తాత చెనిక్కాయ నూనెతో ఇంజను నడిపిచ్చినా అంటాండె. కోతలేనా?

ల్యాబు_సారు · మంగళవారం రాత్రి 10:37

కోతలు కాకపోవచ్చు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతోనే నడిపి చూపించారు. చూసేవాళ్లలో కొద్దిమందికి తప్ప తేడా కూడా తెలియలేదని రుడాల్ఫ్ డీజిల్ 1912లో చెప్పాడు. కాకపోతే ఆ నూనె డీజిల్ కంటే పదింతలు చిక్కన, కొన్నాళ్లకు నాజిల్ కొనన బొగ్గు కడుతుంది. పైగా ఇప్పుడు చెనిక్కాయ నూనె ధర ఎంతో మీకు నేను చెప్పాలా.

పెన్నాగట్టు · శుక్రవారం రాత్రి 9:05

ఒక షిమ్ము వేస్తే 98 మిల్లీమీటర్లు, రెండోది వేస్తే 82. అక్కడ ఆపినా. పాత గీతకు రెండు మిల్లీమీటర్లు తేడా, అర డిగ్రీ.

నాజిల్ ప్రొద్దుటూరుకు తీసుకుపోయినా. టెస్టరు మీద 150కే తెరుచుకుంది. ఒక రంధ్రం పూర్తిగా మూసుకుంది, కొనన చుక్క కట్టి కిందికి కారతాంది. కొత్త నాజిల్ వేసి, స్ప్రింగు కొంచెం కుదురుకుంటాది అని 205కు పెట్టి ఇచ్చినారు. కొత్తది చిమ్మినప్పుడు కిర్‌ర్ మని పిట్ట కూసినట్టు కూత, పాతది ఉత్త మూగది. 185 దగ్గర పది సెకన్లు పట్టి చూపించినారు, కొనన తడి లేదు.

ఇంటికొచ్చి బిగించి, గాలి తీసి, స్టార్టు చేసినాం. సమ్మెట మోత పోయింది. హ్యాండిల్ మెత్తగా తిరుగుతాంది. కానీ లోడు మీద నల్లపొగ సగమే తగ్గింది మామా. ఎయిర్ ఫిల్టరు కూడా విప్పి కడిగినా, అడుగున బురద. అయినా పొగ ఉండాది.

నాజిల్‌మామ · శుక్రవారం రాత్రి 9:22

హోల్డరు కింద రాగి వాషరు కొత్తది వేసినావా?

పెన్నాగట్టు · శుక్రవారం రాత్రి 9:25

వేసినా మామా. షాపువాళ్లే ఇచ్చినారు.

నాజిల్‌మామ · శుక్రవారం రాత్రి 9:27

పాతది తీసినావా?

పెన్నాగట్టు · శుక్రవారం రాత్రి 9:31

హోల్డరుతో పాటు ఏమీ రాలేదే. లేదేమో అనుకున్నా.

నాజిల్‌మామ · శుక్రవారం రాత్రి 9:40

టార్చి వేసి రంధ్రంలోకి చూడు. అడుగున అతుక్కుని ఉంటాది. మసి పట్టి హెడ్డు రంగులోనే కలిసిపోతాది, కంటికి ఆనదు. రెండు వాషర్లయితే నాజిల్ కొన పైకి లేస్తాది, చిమ్మేది పిస్టన్ గిన్నెలో పడాల్సింది గోడలకు తగులుతాది. వంకర తీగతో మెల్లగా లేపు. ముక్క లోపల పడనీయొద్దు, కొంచెం గ్రీజు పూసుకో తీగకు.

చిత్రావతి · శుక్రవారం రాత్రి 9:58

నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అది. ఊస దూర్చినప్పుడు కూడా అక్కడే ఉండింటుంది పాపం.

పెన్నాగట్టు · ఆదివారం సాయంత్రం 6:10

ఉంది మామా. బయటికి తీసి ఉప్పుకాగితంతో రుద్దితే గానీ రాగి అని తెలీలేదు. ఎప్పటిదో ఏమో, ఒక పక్క తిని సన్నబడింది.

ఈరోజు మధ్యాహ్నం నుంచి నడుస్తాంది. లోడు పడినప్పుడు రెండు మూడు గుక్కలు పొగ వదిలి తర్వాత పొగగొట్టం మీద ఎండ అల్లాడేది తప్ప ఏమీ కనపడటం లేదు. 5 లీటర్లకు నాలుగు గంటల నలభై నిమిషాలు.

నాజిల్‌మామ · ఆదివారం సాయంత్రం 6:45

మేలు. వారం రోజులు డిప్‌స్టిక్కు చూస్తాండు. ఇంజనాయిల్ మట్టం పోసిందానికంటే పెరిగి, వేలికి డీజిల్ వాసన తగిలితే పంపు ఎలిమెంటు లోపలికి కారుతాందని అర్థం. అప్పుడు ఎలిమెంటూ బ్యారెలూ జతగా మార్చాల, ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. తమ్మునికి చెప్పు, హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాల, చుట్టూ తిప్పి పట్టుకోవద్దు.

పెన్నాగట్టు · ఆదివారం రాత్రి 8:20

చెప్పినా మామా. వాడు ఇప్పుడు ఎడమచేత్తో తిప్పుతన్నాడు, బొటనవేలు దాచిపెట్టుకుని. ఆ పాత వాషరును బండి తాళంచెవికి తగిలించుకున్నాడు.